నోరు లేని జీపీఎస్ కావాలి

మా తాతయ్య ఏ వస్తువునూ కొనడు. దానికి పరీక్ష పెడతాడు. అది పాసైతే, సర్లే పాపం అన్నట్టు ఇంటికి తీసుకొస్తాడు.

ముప్ఫై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి, ఊళ్లో ఉన్న త్రాసులన్నిటినీ గడగడలాడించి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. గొడుగు కొనాలంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆ గొడుగుతో షవర్ కింద పావుగంట నిలబడతాడు. చొక్కా తడిస్తే గొడుగు ఫెయిలు. చెప్పులు కొనాలంటే షాపులోనే ఈ చివర నుంచి ఆ చివరికి రెండు వందల సార్లు నడుస్తాడు. ఒకసారి అలా నడుస్తుంటే ఎవరో ఆయన్ని సేల్స్‌మన్ అనుకుని తొమ్మిదో నంబరు బూట్లు చూపించమన్నారు. తాతయ్య ఆ మనిషి పాదం కొలిచి, "మీది ఎనిమిది. ఇన్నాళ్లూ ఎవరో మిమ్మల్ని మోసం చేశారు" అని చెప్పి పంపించాడు.

దిండు సంగతి ఇంకా ఘోరం. దిండు బాగుందో లేదో తేలాలంటే దాని మీద పడుకోవాలి కదా. షాపులోనే పడుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లే తొందరలో షాపువాళ్లు షట్టరు దించేసుకుని వెళ్లిపోయారు. గంటన్నర తర్వాత వచ్చి తెరిస్తే, తాతయ్య దుప్పట్ల గుట్ట మీద లేచి కూర్చుని, "మెడ పట్టేసింది. ఇది వద్దు, ఇంకోటి చూపించండి" అన్నాడు.

ఇలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు కింద పెట్టి, "నేను జీపీఎస్ కొంటున్నాను. చేతిలో పట్టుకునేది. బండి మీద ప్రయాణానికి" అని ప్రకటించాడు.

మేమంతా ఒక్కసారిగా అమ్మమ్మ వైపు చూశాం. అమ్మమ్మ గోడ వైపు చూసింది.

ఎందుకంటే తాతయ్యకి జీపీఎస్ ఎప్పుడో ఉంది. నలభై ఏళ్ల నుంచీ ఉంది. అది మా అమ్మమ్మ.

వాళ్లకో మోటార్‌సైకిలు ఉంది. మా అమ్మ పుట్టకముందే ఇంటికొచ్చిన బండి. ఏటా వానలు వెనకపట్టగానే ఇద్దరూ దాని మీద వారం రోజులు ఎటో ఒకవైపు వెళ్లిపోతారు. ముందు తాతయ్య, వెనక అమ్మమ్మ. దారి చెప్పే పని ఆవిడది. మ్యాపును నాలుగు మడతలు పెట్టి తాతయ్య వీపు మీద పరుచుకుంటుంది. ఆ వీపు బల్లపరుపుగా ఉంటుంది కనక ఏ ఇబ్బందీ లేదు. గాలిలో మాట వినపడదు కాబట్టి నోటితో పని లేదు. ఎడమ భుజం మీద తడితే ఎడమకి తిరగాలి. కుడి భుజం తడితే కుడికి. రెండు భుజాలూ ఒకేసారి తడితే బండి ఆపాలి, టీ తాగాలి. నలభై ఏళ్లలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా బెడిసికొట్టలేదు.

కిందటేడు బెడిసికొట్టింది. అమ్మమ్మకి కుడికన్ను మసకబారింది, వేళ్ల కీళ్లు కూడా వాచి సరిగ్గా వంగవు. మడత విప్పేటప్పుడు మ్యాపు కాస్త చిరిగింది. ఆ చిరుగు పక్కన ఉన్న నీలంగీత రోడ్డనుకుని భుజాలు తడుతూ పోయింది. అది కాలవ. సాయంత్రానికి కొండ మీద బస చేరాల్సినవాళ్లు, దానికి యాభై కిలోమీటర్ల అవతల ఒక కోళ్లఫారం గేటు ముందు తేలారు. బండి చప్పుడుకి నాలుగు వేల కోళ్లు ఒక్కసారిగా గొంతు విప్పాయట. ఫారం మనిషి పరిగెత్తుకొచ్చి, "ఎవరు కావాలండీ?" అని అడిగితే తాతయ్య, "కొండ" అన్నాడట.

ఆ కథ విని మేం కడుపు పట్టుకుని నవ్వాం. అమ్మమ్మ నవ్వలేదు. మ్యాపు మడిచి బీరువాలో దుప్పట్ల అడుగున పెట్టేసింది.

"ఇక నేను రాను. కాలవకీ రోడ్డుకీ తేడా తెలియనిదాన్ని, నేను మీకు తోవ చెప్పడమేంటి? మీరు వెళ్లండి. నేను ఇంట్లో ఉంటాను."

తాతయ్య ఆ మాటకి అవుననలేదు, కాదనలేదు. ఏడాది గడిచింది. వానలు తగ్గాయి. వచ్చే నెల పదో తారీకున బయల్దేరాలి. అమ్మమ్మ రానన్న మాట మీదే ఉంది. సరిగ్గా అప్పుడు ఈయన జీపీఎస్ అన్నాడు.

"వెనకసీటు ఖాళీ అయిందిగా, మిషన్ని ఎక్కిస్తారన్నమాట" అంది అమ్మమ్మ గోడతో. "మంచిదే. దానికి టీ ఇప్పించక్కర్లేదు, నడుం నొప్పి అనదు."

"ఊ" అన్నాడు తాతయ్య.

మా అమ్మ ఆయన్ని వంటింట్లోకి లాక్కుపోయింది. "ఏంటి నాన్నా ఇది? అమ్మ ఎంత బాధపడుతోందో కనపడట్లేదా? రమ్మని ఒక్కసారి బతిమాలొచ్చుగా?"

"ముందు మిషన్ పాసవ్వనీ" అన్నాడు తాతయ్య.

మొదటి అభ్యర్థి మా మావయ్య ఫోను. "దీనికోసం వేరే మిషనెందుకు నాన్నా, ఫోనులో అన్నీ ఉన్నాయి" అని మావయ్య గొప్పగా చేతిలో పెట్టాడు. తాతయ్య దాన్ని తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నం మేడ మీద ఎండలో పెట్టి, పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకి ఫోను ఒళ్లు కాలిపోయి, తనంతట తానే కళ్లు మూసేసింది.

"వడదెబ్బ" అన్నాడు తాతయ్య, దాన్ని మావయ్య చేతిలో పెడుతూ. "ఫ్యాను కింద పడుకోబెట్టు. పైగా పోయే ముందు ఆగకుండా వాగింది. దీనికి నోరెక్కువ."

ఆ సాయంత్రం అమ్మమ్మ నన్ను పిలిచి, ఏదో వంకాయల ధర అడిగినట్టు అడిగింది. "ఏమే, ఫోను ఫెయిలయిందటగా?"

"అయింది."

"అయ్యో పాపం" అంది అమ్మమ్మ. ఆ రోజు తాతయ్య టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ పడింది.

తర్వాత మజిలీ మా వీధి చివర హెల్మెట్లూ టెంట్లూ అమ్మే షాపు. షాపాయన సన్నగా, ఓపిగ్గా ఉంటాడు. ఆ ఓపికే ఆయన కొంప ముంచింది. తోడుగా నన్ను తీసుకెళ్లాడు తాతయ్య. తోడు అంటే, ఆయన మార్కులు చెబుతుంటే నేను పుస్తకంలో రాయాలి. నా చదువు అంతంతమాత్రమైనా వందలోపు అంకెలు బాగానే వచ్చు.

షాపాయన ఉత్సాహంగా ఒక మిషన్ బయటికి తీశాడు. "బండ్ల కోసమే తయారైంది సార్. హ్యాండిల్‌కి బిగించుకోవచ్చు. దారంతా అదే చెబుతుంది. హెల్మెట్లో స్పీకరు పెట్టుకుంటే చెవిలో చెబుతుంది."

"ఎవరి చెవిలో?"

"మీ చెవిలోనే సార్."

"వద్దు."

"సార్, వినను కూడా వినలేదు మీరు..."

షాపాయన మీట నొక్కాడు. మిషన్ తీయగా, "రెండు వందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి" అంది. తాతయ్య దాని వంక, గుమాస్తా లెక్క తప్పు చెప్పినప్పుడు చూసే చూపు చూశాడు.

"మాట్లాడనిది లేదా?"

"మాట వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు సార్. ఇదిగో, ఈ మీట."

"బలవంతాన నోరు మూయించినవాళ్లు ఎంతకాలం మూసుకుంటారండీ? ఏదో ఒక మలుపులో తెరుస్తారు. పుట్టుకతోనే నోరు లేనిది చూపించండి. హ్యాండిల్‌కి బిగించేది అసలొద్దు."

షాపాయన నా వంక చూశాడు. నేను పుస్తకంలో సున్నా చుట్టాను.

రెండోది నోరు లేనిదే. చేతిలో ఇమిడిపోయేది. తెర మీద వేలితో రుద్దితే మ్యాపు జరుగుతుంది. షాపాయన డెమో పీసు ఒకటి నాలుగు రోజులు ఇంటికిచ్చాడు. ఆ నాలుగు రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. మొదటిరోజు బకెట్లో ముంచాడు. రెండోరోజు ఫ్రిజ్‌లో పెట్టాడు. మా అమ్మ పాలగిన్నె తీయబోయి, అది కుయ్యిమంటే గిన్నె వదిలేసింది. మూడోరోజు కుదుపుల పరీక్ష. పాత బండి ఎంత కుదుపుతుందో అంత కుదిపే వస్తువు ఇంట్లో ఏదుందా అని ఆలోచించి, మిషన్ని తీసుకెళ్లి వాషింగ్ మెషిన్‌కి తాడుతో కట్టి, లోపల దుప్పట్లు వేసి, స్విచ్ వేశాడు.

గంట తర్వాత విప్పి చూస్తే తెర మీద రాసుంది. ఈ ప్రయాణంలో మీరు నడిచిన దూరం మూడు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు.

తాతయ్య మొహం ఎర్రబడింది. "నిలబడ్డదాన్ని నడిచిందని రాస్తుందా! నా సర్వీసులో ఇలాంటి త్రాసు దొరికితే అక్కడికక్కడే సీలు వేసేవాణ్ణి."

నేను తెర మీద పడిన దారి గీతను పెద్దది చేసి చూశాను. "తాతయ్యా, మన వాషింగ్ మెషిన్ పక్కింటి వంటింట్లోకి నాలుగుసార్లు వెళ్లొచ్చింది. ఒకసారి రోడ్డు కూడా దాటింది."

"అదృష్టవంతురాలు" అంది అమ్మమ్మ లోపల్నుంచి. "ఈ ఏడాది నాకంటే ఎక్కువ అదే తిరిగింది."

షాపాయనకి ఫోను చేస్తే, కప్పు కింద ఆకాశం కనపడక మిషన్‌కి అలా తలతిరుగుతుందనీ, ఆరుబయట పెడితే నికార్సుగా చెబుతుందనీ అన్నాడు. తాతయ్య ఆ తప్పు తనదేనని ఒప్పుకుని పది మార్కులు వాపసు ఇచ్చాడు. నాలుగోరోజు మేడ మీద ఆఖరి పరీక్ష. నేను వెళ్లేసరికి తాతయ్య కుడిచేతి వేళ్లన్నిటికీ ప్లాస్టరు చుట్టుకుని, అవి వంగకుండా బిగించుకుని, ఆ కర్రల్లాంటి వేళ్లతో తెరను రుద్దుతున్నాడు. మ్యాపు ఎటు కావాలంటే అటు పారిపోతోంది.

"అయ్యో, వేళ్లకేమైంది?"

"ఏం కాలేదు. పరీక్ష."

"బండి నడిపేటప్పుడు వేళ్లకి ప్లాస్టరు ఎందుకేసుకుంటావు?"

"రాసుకో. ఫెయిలు. దీన్ని బుజ్జగించాలి. నొక్కితే పలికేది కావాలి."

పెద్దాయనకి మతి చలించిందేమోనని నేను మా అమ్మకి చెప్పాను. "ఎప్పుడు నిలకడగా ఉందని?" అంది మా అమ్మ.

పదో తారీకుకి ఇంకా వారమే ఉందనగా మళ్లీ షాపుకి వెళ్లాం. షాపాయన మమ్మల్ని చూసి కౌంటరు వెనక కాస్త కిందికి జారాడు గానీ, తాతయ్య వంగి చూసి నమస్కారం పెట్టాడు.

"ఒకే ఒక్కటి మిగిలింది సార్" అన్నాడు షాపాయన నీరసంగా. లోపలి గదిలోకి వెళ్లి దుమ్ము దులుపుతూ ఒకటి తెచ్చాడు. సబ్బుబిళ్లంత మందంగా, ముదురు పసుపురంగులో ఉంది. గుండీలు బొటనవేలంత ఉన్నాయి. "అడవుల్లో సర్వే చేసేవాళ్లు వాడతారు. పాతరకం. నోరు లేదు. తెర ఎండలో ఇంకా బాగా కనపడుతుంది. పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే రోజంతా వస్తుంది. కానీ సార్, దీన్ని బండివాళ్లెవరూ అడగరు. హ్యాండిల్‌కి బిగించే క్లిప్పు కూడా రాదు."

తాతయ్య కళ్లు మెరిశాయి. "రెండు స్టూళ్లు తెప్పించండి."

ఒక స్టూలు ముందు, ఒక స్టూలు వెనక వేయించాడు. షాపాయన్ని ముందు స్టూలు మీద కూర్చోమన్నాడు. తను వెనక కూర్చుని, కుడికన్ను అరచేత్తో మూసుకుని, మిషన్ని షాపాయన వీపు మీద ఆనించి ఎడమకంటితో చూశాడు.

"కాస్త కదలండి. గోతుల రోడ్డు మీద వెళుతున్నట్టు."

షాపాయన పాపం గోతుల్లో ఎగిరినట్టు ఎగిరాడు. హెల్మెట్లు చూస్తున్న జంట ఒకటి హెల్మెట్లు వదిలేసి వీళ్లనే చూస్తోంది. తాతయ్య మిషన్ చూసి, గుండీ నొక్కి, షాపాయన ఎడమ భుజం మీద ఒకటి తట్టాడు.

"ఏంటి సార్?"

"ఎడమకి వాలండి!"

షాపాయన వాలాడు. కుడి భుజం తడితే కుడికి వాలాడు. ఇలా పది నిమిషాలు ఆ ఇద్దరూ కదలకుండా ఎంతో దూరం ప్రయాణం చేశారు. చివరికి రెండు భుజాలూ తడితే షాపాయన రొప్పుతూ వెనక్కి తిరిగాడు.

"తప్పుగా అనుకోకండి సార్. బండి నడిపేది మీరు కదా. మరి మీరు నా వెనక ఎందుకు కూర్చున్నారు? ఇన్ని మిషన్లు చూపించాను, బంగారంలాంటివి. నోరుందని వద్దన్నారు, ముందు బిగించేదని వద్దన్నారు. అసలు దారి చెప్పే మిషన్ దారి చెబితే మీకొచ్చిన కష్టమేంటి?"

తాతయ్య మిషన్ని చొక్కాతో తుడుస్తూ, చాలా మామూలుగా అన్నాడు.

"అదే అంతా చెప్పేస్తే, ఇక వెనకున్నావిడ ఏం చెబుతుందండీ?"

నేను పుస్తకం మూసేశాను. ప్లాస్టరు వేళ్లు ఎవరివో, మూసిన కుడికన్ను ఎవరిదో అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. షాపాయన లేచి, ఆ మిషన్‌కి మెడలో వేసుకునే తాడు ఒకటి వెతికి తెచ్చి తనే కట్టిచ్చాడు.

"ఇంట్లో ఒక్క మాట చెప్పావంటే..." అన్నాడు తాతయ్య దారిలో నాతో.

"చెప్పనులే. నన్ను కూడా నోరు లేనిదాన్నే అనుకో."

"నిన్నా? నీకు మైనస్ మార్కులు."

ఇంటికొచ్చాక ఆయన ప్రేమగా ఏమైనా చెబుతాడేమోనని చూశాను. ఆ ముచ్చట లేదు. అమ్మమ్మ ముందు బల్ల మీద మిషన్ పెట్టి, ఆఫీసు గొంతుతో అన్నాడు. "ఒక్క పరీక్ష మిగిలింది. వెనకసీటు పరీక్ష. మనిషి కావాలి."

"నేనెందుకు? మీ మిషన్ ఉందిగా చెప్పడానికి."

"దీనికి మాటలు రావు."

అమ్మమ్మ తల తిప్పి చూసింది. "మాటలు రావా? మరి ముందు బిగించుకుని చూసుకోండి."

"క్లిప్పు లేదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి."

అమ్మమ్మ మిషన్ చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో గుండీ నొక్కింది. టక్కుమని పలికింది. ఇంకోటి నొక్కింది. కళ్లజోడు సర్దుకోకుండానే తెర మీద మా వీధి, దాని మధ్యలో నల్లటి బాణం గుర్తు కనపడ్డాయి. ఆవిడ ఆ బాణం వంక చూసింది. తర్వాత తాతయ్య వేళ్ల మీద ఇంకా వదలని ప్లాస్టరు జిగురు వంక చూసింది. చాలాసేపే చూసింది.

"ఇంత మోటుది తెచ్చారేంటి, ఇటుకలా ఉంది" అంది చివరికి. "అరగంటలో తీసుకొచ్చి దింపాలి. బట్టలు ఆరేయాలి."

ఆవిడ తాడు మెడలో వేసుకుంది. బండి మూడో తన్నుకి అందుకుంది. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. అరగంట గడిచింది. గంట గడిచింది. బట్టలు మా అమ్మ ఆరేసింది, అవి ఆరిపోయాయి కూడా. మావయ్య గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూ, "మళ్లీ కోళ్లఫారానికి వెళ్లలేదు కదా?" అన్నాడు. మూడు గంటల తర్వాత బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. అమ్మమ్మ జుట్టంతా గాలికి రేగిపోయి ఉంది. హెల్మెట్ తీస్తూనే ఆర్డరు వేసింది.

"పదో తారీకుకి పెన్సిల్ సెల్స్ పన్నెండైనా ఉండాలి. ఏమే, రాసుకో. నా గ్లౌజులు ఎక్కడున్నాయో చూడు."

మా అమ్మ నన్ను గట్టిగా గిల్లింది. సంతోషం వస్తే ఆవిడకి గిల్లడం అలవాటు.

ఈలోగా మావయ్య ఆ మిషన్ని తీసుకెళ్లి కంప్యూటరుకి తగిలించాడు. వెళ్లిన దారంతా అందులో గీతలా పడుతుంది కదా. చూసి తల పట్టుకున్నాడు.

"నాన్నా, ఇది కూడా పాడైందే. గడియారస్తంభం సర్కిల్ దగ్గర చూడండి. దాని చుట్టూ ఏడుసార్లు తిరిగినట్టు చూపిస్తోంది. వాపస్ ఇచ్చేయండి."

"మిషన్ నికార్సుగా ఉంది" అన్నాడు తాతయ్య, బండి అద్దం తుడుచుకుంటూ. "ఏడుసార్లే తిరిగాం."

"ఏడుసార్లా! ఎందుకు?"

"మీ అమ్మ కుడి భుజం తట్టింది. తిరిగాను. మళ్లీ తట్టింది. మళ్లీ తిరిగాను."

"ఒక్కసారైనా ఎందుకని అడగలేదా? గొడుగుని కూడా నమ్మని మనిషి మీరు!"

తాతయ్య, ఇదేం ప్రశ్న అన్నట్టు మావయ్య వంక చూసి మళ్లీ అద్దం తుడుచుకున్నాడు.

"అడగలేదురా" అంది అమ్మమ్మ, నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని. "ఎంతవరకు తిరుగుతారో చూద్దామనే తట్టాను. ఎనిమిదోసారి కూడా తిరిగేవారే. నాకే కళ్లు తిరిగి ఎడమ భుజం తట్టాను."